టీ తాగినంతసేపు వెలగాలి

మా వాచీ కొట్లో ఒక రూలుంది. చీకట్లో టైము కనబడేందుకు డయల్ మీదా ముళ్ల మీదా రేడియం పెట్టాక, ఆ వాచీని కాసేపు ట్యూబులైటు కింద ఉంచి, తర్వాత చీకటి పెట్టెలో పెట్టాలి. ఎదురు బడ్డీ నుంచి టీ తెప్పించుకుని నింపాదిగా తాగాలి. గ్లాసు కింద పెట్టాక పెట్టె కన్నంలోంచి చూసి టైము చదవాలి. చదవగలిగితే వాచీ ఇచ్చేయొచ్చు. లేదంటే గీకేసి మళ్లీ మొదలు.

రూలు పెట్టింది మావయ్య, అంటే మా ఆయన తండ్రి. పెట్టె కూడా ఆయన చేసిందే. పాడైన గోడ గడియారం పెట్టెకు లోపలంతా నల్లగుడ్డ అంటించి, ముందువైపు రెండు కళ్లకు సరిపడా కన్నం కోసి, వెలుతురు చొరబడకుండా చుట్టూ స్పాంజి పెట్టారు. మొహం ఆనించి చూడాలి. ఇక రేడియం అంటారా, అది పేరుకే. అసలు రేడియం వాడే కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు వాడేది హాని లేని పొడి. దాన్ని వార్నిషులో కలిపి, సూదిమొనతో తీసి, అంకె అంకెకూ ఒక చుక్క పెడతాం. అయినా ఊరంతా రేడియం అనే అంటుంది, మేమూ అంతే.

మద్దిలపాలెంలో బస్సు డిపోకి దగ్గరగా ఓ సందులో ఉంటుంది కొట్టు. మావయ్యకు చేతులు వణకడం మొదలయ్యాక మూసేద్దామన్నారు మా ఆయన. పోర్టులో క్రేను నడిపే మనిషి. కంటైనర్లు ఎత్తడం అలవాటైన చేతికి సూదిమొన మీద చుక్క ఎత్తే ఓపిక ఎక్కడిది? అందుకని నేను కూర్చున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, చెయ్యి మాత్రం నిదానం. మావయ్య పక్కన స్టూలు మీద కూర్చుని చూసేవారు. నేనేం చేసినా ఆయనది ఒకటే మాట, "బాగుందమ్మా." చుక్క పక్కకు జారినా బాగుందమ్మా, కూరలో ఉప్పు ఎక్కువైనా బాగుందమ్మా. ఒకరి పనికి ఆయన వంక పెట్టగా నేను వినలేదు. చర్చిలో అందరూ దాన్ని మంచితనమంటారు. ఒకే ఇంట్లో ఉండేవాళ్లకు తెలుస్తుంది, ఆ మంచితనం ఎంత చిరాకు తెప్పిస్తుందో.

కిందటి వానాకాలం నుంచి నా చుక్కలు వెలగడం మానేశాయి. చిత్రమేమిటంటే, ట్యూబులైటు కింది నుంచి తీసి పెట్టెలో పెట్టగానే చూస్తే పచ్చగా బాగానే ఉండేవి. టీ తాగి చూసేసరికి ఏమీ ఉండేది కాదు. అంకె లేదు, ముల్లు లేదు, ఉత్త నలుపు.

మొదట పొడిని తిట్టాను. పొడి పంపే ఆయనకు ఫోన్ చేసి, కల్తీ సరుకు అంటగడుతున్నావని నాకు వచ్చిన హిందీలో దెబ్బలాడాను. పాపం ఇంకో పొట్లం పంపించాడు. అదీ అంతే. తర్వాత వార్నిషు మార్చాను. ట్యూబులైటు మార్చాను. వాన గాలికి చెమ్మ పడుతోందేమోనని డబ్బాలో బియ్యం పోసి పొడిని అందులో దాచాను. చివరికి ఎదురు బడ్డీవాడు గ్లాసు పెద్దది చేశాడా, టీ తాగడానికి ఎక్కువసేపు పడుతోందా అని కూడా అనుమానపడ్డాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని మా ఆయన నవ్వారు. ఒళ్లు మండిపోయింది. కళ్ల మీద మాత్రం అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? పగలు భూతద్దం లేకుండానే సూదిలో దారం ఎక్కిస్తాను. వెంట్రుకంత స్ప్రింగు కింద పడితే నేలమీద వెతికి పట్టుకుంటాను.

ఏం చెయ్యాలో తెలియక చుక్కలు దళసరిగా పెట్టడం మొదలుపెట్టాను. ముళ్లకూ ఒకటికి రెండు పూతలు వేసి, వాచీలవాళ్లు తొందరపెడుతుంటే రూలు పక్కనపెట్టి ఇచ్చేశాను. అప్పుడు ఇచ్చిన వాచీలు వరసగా వెనక్కి రాసాగాయి.

వాటిలో ఒకటి ఫిషింగ్ హార్బరులో బోటు నడిపే అతనిది. సముద్రం మీద వల వేసిన దగ్గర్నుంచీ టైము చూసుకోవాలి కాబట్టి, చీకట్లో కనబడే వాచీ లేనిదే అతనికి గడవదు. కౌంటరు మీద వాచీ పెట్టి అన్నాడు: "అక్కా, ఇదేటక్కా, ఆగిపోతంది. రెండు ముళ్లూ ఒకదాన్నొకటి అట్టీసుకుంటన్నాయి."

"చుక్కలు సరిగ్గా వెలగడం లేదని కాస్త దళసరిగా పెట్టాను," అన్నాను.

"ఎలగడం లేదా? టార్చిలైటు నాగ ఎలుగుతంటే. సేతికి దీపం కట్టుకున్నావేట్రా అని బోటు మీద మావోళ్లు ఒకటే నవ్వు."

నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. తిరిగి ఏదో అనబోయాను కూడా. కానీ అతని మొహంలో ఎగతాళి లేదు. అతను వెళ్లిపోయాక ఆ వాచీ ముళ్లు గీకి సరిచేసి, లైటు కింద ఉంచి, పెట్టెలో పెట్టాను. టీ తాగాం. నేను చూశాను, నలుపు. లేచి మావయ్యను చూడమన్నాను.

ఆయన మొహం ఆనించి, "ఎలుగుతంది కదమ్మా," అన్నారు.

"ఎక్కడ?"

"అంకెలన్నీ అగుపడతన్నాయి. బాగుందమ్మా."

మళ్లీ బాగుందమ్మా. ఆ పెట్టెలోకి ఒకరు చూస్తుంటే ఇంకొకరు చూడడానికి లేదు. ఆయన చూసింది నేను చూడలేను, నేను చూసింది ఆయన చూడలేరు. ఎవరి మాట నమ్మాలి? రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషనైన ముసలాయనకు కనబడేది నాకు కనబడదా? నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక ఆయన అబద్ధం చెబుతున్నారనే నమ్మాను. మరి బోటతను అబద్ధమెందుకు ఆడతాడు? ఆ ముడి నాకు విడలేదు. మా ఆయన్ని వచ్చి చూడమంటే, "నాన్న చెప్పాడుగా," అన్నారు, కుర్చీలోంచి లేవకుండానే.

వాచీలు ఇలాగే వెనక్కి వస్తుంటే కొట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది? మావయ్య ముప్పై ఏళ్లు సంపాదించిన పేరు కోడలు పాడుచేసిందనే మాట అప్పటికే సందులో వినబడుతోంది. అందుకని ఒకరోజు తాడో పేడో తేల్చుకుందామని, ఆయన్ని అబద్ధంలో పట్టుకోవడానికి సిద్ధమయ్యాను.

ఒక వాచీకి కీ బయటికి లాగి ముళ్లు ఆపాను. ఆయనకు చూపించకుండా, కొట్టు వెనక్కి వెళ్లి, ముళ్లను ఏడుంబావు దగ్గర పెట్టాను. లైటు కింద ఉంచినంతసేపూ డయల్ ఆయనకు కనబడకుండా అడ్డంగా నిలబడ్డాను. పెట్టెలో పెట్టాక టీలు వచ్చాయి, తాగాం. ఇప్పుడు దొరికిపోతారని నాకు లోపల ఒకటే హుషారు.

"టైమెంతయింది చూసి చెప్పండి మావయ్యా," అన్నాను.

ఆయన మొహం ఆనించారు. "ఏడుంబావు," అన్నారు.

ఊహించి చెప్పారేమోనని మళ్లీ వెనక్కి వెళ్లి ముళ్లు మార్చాను. మళ్లీ లైటు, మళ్లీ పెట్టె, మళ్లీ టీ. ఆ రెండో టీ నాకు దిగలేదు.

"పన్నెండుకి ఐదు తక్కువ. ఎందుకమ్మా ఇన్నిసార్లు అడుగుతన్నావు?"

అంతే పెట్టాను, పన్నెండుకి ఐదు తక్కువ. ఆయన్ని పక్కకు జరగమని నేను మొహం ఆనించాను. ఎంతసేపు చూశానో తెలియదు. రెప్పలు టపటపలాడించాను, ఒక కన్ను మూశాను, రెండోది మూశాను. అక్కడ టైము ఎంతో నాకు తెలుసు, ఏ ముల్లు ఎటు ఉందో తెలుసు. తెలిసినా కనబడలేదు.

వెనక నుంచి మావయ్య మెల్లగా అడిగారు. "అమ్మా, నీకు ఏటీ అగుపడట్లేదా?"

"పెట్టెలో ఏదో మతలబు ఉంది," అన్నాను. అంతా అర్థమవుతున్నా నా నోట వచ్చింది ఆ మాటే.

అప్పుడు ఒకటొకటే గుర్తుకొచ్చాయి. సాయంత్రం ప్రార్థన నుంచి వస్తూ చర్చి మెట్ల మీద తూలి, మెట్లు కట్టిన మేస్త్రీని తిట్టాను. సినిమా హాల్లో ఎవరిదో ఒళ్లో కూర్చోబోయాను. మా వీధి దీపాలు మరీ గుడ్డివైపోయాయని వార్డు ఆఫీసుకెళ్లి దెబ్బలాడి వచ్చాను. అక్కడి అమ్మాయి "బాగానే ఎలుగుతన్నాయి కదా మేడం" అంటే, జీతం తీసుకుని అబద్ధాలాడుతున్నావని ఆమెనూ దులిపేశాను. లోకమంతా కలిసి నన్ను వెర్రిదాన్ని చేస్తోందనుకున్నాను కానీ, నాకే సరిగ్గా కనబడట్లేదని తోచలేదు.

కళ్ల డాక్టరు ఏవేవో దీపాలు వేసి, ఆర్పి, చాలాసేపు చూసింది. జబ్బుకు పొడుగాటి పేరు చెప్పింది. మనవాళ్లు రేచీకటి అంటారు కదా, అదేనంది. పగటి చూపుకు ఇప్పట్లో భయం లేదట. మున్ముందు పెరగొచ్చు, పెరక్కపోవచ్చు. మందులు వాడొచ్చు, వాడినా తగ్గుతుందని చెప్పలేను అంది. ఇదేం మాటో నాకు అర్థం కాలేదు. ఉందా లేదా, తగ్గుతుందా తగ్గదా అని రెట్టించి అడిగితే, మళ్లీ అదే మాట ఇంకాస్త మెల్లగా చెప్పింది. మా ఆయన ఆ ఆదివారం నుంచి మేక లివరు తెస్తున్నారు. దాంతో పోయే జబ్బు కాదని డాక్టరు చెప్పినా తెస్తున్నారు. నేనూ తింటున్నాను.

కొట్టు మూయలేదు. పగలు నా చేతికీ కంటికీ వచ్చిన లోటేమీ లేదు. చుక్కలు మళ్లీ మామూలు మందానికి తెచ్చాను, ముళ్లు తగులుకోవడం ఆగింది. పెట్టెలోకి చూసే పని మాత్రం మావయ్యది. నేను అడుగుతాను, ఆయన చెబుతారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆయన ప్రతిసారీ బాగుందమ్మా అనేవారు. ఏడుంబావు అన్నప్పుడు ఆయన నిజమే చెప్పారు, అది నేను కళ్లారా, అంటే చెవులారా తేల్చుకున్నదే. కానీ ఇప్పుడు సంగతి వేరు. ఇప్పుడు నేను కోడల్నే కాదు, కళ్లు పోతున్న కోడల్ని. ఉప్పు కషాయమైన కూరను బాగుందని తిన్న మనిషి, నాకు ఒక చుక్క వెలగకపోతే వెలగలేదని చెబుతారా? "నిజం చెప్పండి మావయ్యా," అని రోజూ వేధించేదాన్ని. "నిజమేనమ్మా," అనేవారు. దాన్ని మాత్రం ఎలా నమ్మను? ప్రతి వాచీనీ చేతిలో పెట్టి పంపుతూ, ఇది వెలుగుతుందో లేదో నాకు తెలియదు కదా అనుకునేదాన్ని. తెలియని పనిని నా పనని ఎలా అనుకోవాలి? మానేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఒక మధ్యాహ్నం మా ఆయనతో అనేశాను కూడా.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరైన ఒకాయన పాత వాచీ ఇచ్చివెళ్లాడు. చుక్కలు పెట్టాను, లైటు కింద ఉంచాను, పెట్టెలో పెట్టాను. టీ తాగాక మావయ్య మొహం ఆనించారు. ఆనించి తియ్యలేదు. ఎప్పటికంటే ఎక్కువసేపు అలాగే ఉన్నారు. తర్వాత స్టూలు మీద కూర్చుని చేతులు నలుపుకున్నారు.

"ఏం మావయ్యా?"

"అమ్మా," అని ఆగారు. "నాలుగు కాడ సుక్క ఎలగట్లేదమ్మా. గీకీసి మళ్లీ ఎట్టు."

చెప్పేసి, నన్ను కొట్టినవాడిలా తల దించేసుకున్నారు. నేను వాచీ తీసుకుని గుమ్మంలోకి వెళ్లి, ఎండలో భూతద్దం పెట్టి చూశాను. నిజమే. నాలుగు దగ్గర చుక్క మధ్యలో గుంట పడి, పొడి లేక ఉత్త వార్నిషు మెరుస్తోంది. ఏడుపొచ్చేసింది నాకు. సంతోషమో మరేమిటో, అక్కడే గుమ్మంలో నిలబడి ఏడ్చాను. మావయ్య కంగారుపడి లేచి, "అంత తప్పేటి కాదమ్మా, సిన్నదే," అంటున్నారు.

లోపలికొచ్చి కూర్చుని, నాలుగు దగ్గర చుక్క గీకేశాను.