కంచంలో కార్జం

చెరువు సంగతి మొదట నా చెవిన వేసింది ఆశా కార్యకర్త నాగరత్నమ్మ. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుండగా, ముంగారు వానలు మొదలైన రోజుల్లో, నేను పెనుకొండలో మత్స్యశాఖ అభివృద్ధి అధికారిగా చేరాను. చేరిన నెలలోనే ఆమె ఆఫీసుకు వచ్చింది. మా శాఖలో నాది మధ్యమెట్టు. పైన సహాయ సంచాలకులు, ఏ.డి. గారంటాం, కింద ఊళ్లలో మత్స్య సహాయకులు. చెరువుల్లో చేపపిల్లలు వదిలించడం, మత్స్యకారుల సంఘాల చెరువు లీజులు చూడటం, హిందూపురం చేపల మార్కెట్టు తనిఖీ నా పనులు.

"మేడమ్, మా ఊరి వంకకు ఎగువన పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరగబెట్టే షెడ్లు పెట్టినారు. వానొస్తే ఆ నీళ్లన్నీ మా చెరువులోకే. ఆ చేపలు తినొచ్చునా, కూడదా? అందరూ నన్నడుగుతాండారు, నేనేం చెప్పేది?" అంది. వెళ్లబోతూ ఆగి, "మా ఓబుళమ్మ కూతురు కాన్పుకొచ్చుండాది. ఆ పిల్లకు రక్తం ఎంతకీ పట్టడం లేదు" అని కూడా చెప్పింది.

సీసం, కాడ్మియం, పాదరసం లాంటి బరువైన లోహాలు నీళ్లలో కంటికి కనబడవు. అడుగు బురదలో చేరి, ఆ బురదలో మేత వెతుక్కునే చేపల్లోకి పోతాయి. ఉడికించినా వేయించినా పోవు. సీసం మనిషి ఒంట్లో చేరితే రక్తం పట్టనివ్వదు, గర్భిణి తింటే బిడ్డ దాకా పోతుంది. అందుకే ఆలస్యం చేయకుండా చెరువు మీదికి వెళ్లాను.

శాంపిల్ తీయడానికి ఒక పద్ధతుంది. రకానికి ఇన్నని చేపలు పట్టించి, మంచినీళ్లతో కడిగి, స్టీలు కత్తితో వీపు పక్కన తోలు లేకుండా కండ కోయాలి. దాన్ని కొత్త కవర్లో సీలు చేసి, ఐసుపెట్టెలో ల్యాబుకు పంపాలి. తినదగిన భాగం అంటే మా రూల్సులో ఆ కండే. బొచ్చె, రోహు, జిలేబీ మూడూ పంపాను. కండలో లోహాలన్నీ పరిమితి లోపలే ఉన్నాయని రిపోర్టు వచ్చింది. సంఘం వాళ్ల లీజు నిలబడినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకుని, ఆ కబురు చెబుదామని నాగరత్నమ్మను వెంటబెట్టుకుని ఓబుళమ్మ ఇంటికి వెళ్లాను.

ఓబుళమ్మ రోజూ హిందూపురం మార్కెట్లో, ఈ చెరువు చేపలమ్మే రాతిబండ అంగడిలో కూలికి చేపలు కోసేది. కూతురు సుజాతను ధర్మవరంలో మగ్గాల ఇంటికి ఇచ్చింది. ఏడో నెలలో పుట్టింటికి వచ్చిన పిల్ల నానాటికీ పాలిపోతోందని వియ్యపురాలు ఫోన్ల మీద ఫోన్లు. "ఏం వదినా, మీ ఇంట్లో కూడుకు కరువొచ్చిందా?" అని ఎత్తిపొడుపు. ఆ మాట ఓబుళమ్మకు ముల్లులా గుచ్చుకుంటోందని ఆమె ముఖమే చెప్పింది.

రిపోర్టు సంగతి విని ఆమె నన్ను కదలనివ్వలేదు. "మంచి మాట తెచ్చినారు. ఇంత సంగటి తిని పోవాల మేడమ్మా" అని కూర్చోబెట్టింది. నేను బడి ముఖం చూడకుండా అమ్మ దగ్గరే చదువుకుని, నేరుగా పదో తరగతి పరీక్ష రాసిన దాన్ని. అన్నం ముందు కృతజ్ఞత చెప్పుకోవడం కూడా అమ్మ నేర్పిన పాఠమే. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని తెరిచాను. కంచంలో సంగటి పక్కన చేప తలకాయ పులుసు, పేగుల వేపుడు. సుజాత కంచంలో కార్జం కుప్పగా ఉంది.

"ముక్కలు వండరా?" అన్నాను.

"ముక్కలు మేమే తింటే అమ్మేదేంది?" అని నవ్వింది ఓబుళమ్మ. "కోసినోళ్లకు కూలితో పాటు తలకాయ, కడుపులోది. అది మా మార్కెట్టు రివాజు. కార్జం తింటే రక్తం పడతాదని దీనికి దినామూ పెడతాండా."

తిన్న లోహాన్ని చేప మొదట దాచుకునేది కార్జంలో, మొప్పల్లో. కండలోకి చేరేది కొంచెమే. నేను ల్యాబుకు పంపినది ఈ ఇంట్లో ఎవరూ తినరు. వీళ్లు తినేది ఏ ల్యాబుకూ వెళ్లలేదు. సుజాత ముద్ద ఎత్తబోతుంటే కంచానికి చెయ్యి అడ్డం పెట్టాను.

ఓబుళమ్మ ముఖం ఎర్రబడింది. "మా ఇంట్లో తినకపోతే పోనీ. నా బిడ్డ కంచానికి అడ్డం పెడతారా? కన్నబిడ్డకు నేను విషం పెడతానా?"

నాగరత్నమ్మ ఆమె భుజం పట్టుకుని, "ఉండక్కా, చెప్పేది ఇను" అంది. నాకు తెలిసినంత చెప్పాను. పరీక్ష అయ్యేదాకా కార్జం, పేగులు వద్దు, తలకాయ వద్దు అన్నాను. నమ్మిందో లేదో, రెండు కంచాలూ తీసి ఊరిమిండి పచ్చడి వేసి మళ్లీ సంగటి పెట్టింది. తిన్నాను.

కార్జం, మొప్పలు విడిగా పంపుతానంటే ఏ.డి. గారు మొదట ఒప్పుకోలేదు. "రూల్లో లేనిది పంపితే రిపోర్టు చెల్లుతుందా అమ్మా?" అన్నారు. తినదగిన భాగమంటే ఇక్కడి జనం తినే భాగమని నోట్ రాసి ముందు పెట్టాను. రెండుసార్లు చదివి సంతకం చేశారు. ఆ సంతకానికి ఆయనకు నేటికీ కృతజ్ఞురాలిని. ఈసారి కార్జంలో, మొప్పల్లో సీసం పరిమితి దాటి చాలా ఎక్కువుంది. చెరువులో వేట ఆపించాం. పై అధికారులు షెడ్లు మూయించారు. హిందూపురం డాక్టరమ్మ సుజాత రక్తం బెంగళూరుకు పంపితే అందులోనూ సీసం తేలింది.

సుజాత ఆ భోజనం రోజు నుంచి చేప ముట్టలేదు. అయినా నెలలు నిండకుండానే కాన్పయింది. ఆడపిల్ల. వారం బతకలేదు. చేప ఒక్కటే కారణమని చెప్పలేమని, కాదనీ చెప్పలేమని డాక్టరమ్మ అంది. నేను ప్రార్థన చేశాను.

తర్వాత ఒక పొద్దున మార్కెట్టు తనిఖీకి వెళ్లాను. అప్పటికి ఆ బండ మీద వేరే చెరువుల చేపలు వస్తున్నాయి. ఓబుళమ్మ కోస్తోంది. కడుపులోది తీసి బకెట్లో వేసి, ఎవరూ ఎత్తుకుపోకుండా పైన ఫినాయిల్ పోస్తోంది. పక్క బండల ఆడవాళ్లు ఊరుకోలేదు.

"ఏమే ఓబుళమ్మా, మా కూరంతా పారబోస్తాండావు! ఆఫీసరమ్మ నీకు జీతమిస్తాందా?"

"ఎవురూ ఇయ్యలేదు" అంది తలెత్తకుండా. "నేను మనవరాలిని పోగొట్టుకుని నేర్చుకున్యా. మీరు ఊరికే నేర్చుకోండి."

కడుపులోది బదులు కోతకొక ముక్క ఇవ్వాలని ఆమె ఆ పూటే బండ యజమానిని అడిగింది. ఆయన గొణిగాడు, కోపం చేశాడు, ఆమె కత్తి కింద పెట్టేసరికి ఇచ్చాడు. తర్వాత మిగతా వాళ్లూ అడిగి తీసుకున్నారు. నేను రిటైరయ్యేనాటికి ఆ మార్కెట్లో అదే రివాజు.

ఈ సంఘటన నాకు నేర్పింది చిన్న విషయం. శాంపిల్ కోసం కత్తి పట్టే ముందు ఆ ఊరి వంటింట్లోకి వెళ్లి ఎవరు ఏ భాగం తింటారో అడగాలి. నా తర్వాత చేరిన వాళ్లకు శాంపిల్ పద్ధతి చెప్పినప్పుడల్లా ఈ మాటతోనే మొదలుపెట్టాను.

చదివిన వారికి ఒక్క విన్నపం. చేప ఇంటికి తెచ్చుకున్న రోజు, కడుపులోది తీసి పారేసేటప్పుడు, ఓబుళమ్మను ఒకసారి తలచుకోండి.