జింక పక్కన మనిషి

సాలూరు నుంచి వచ్చి సీలేరు ప్రాజెక్టు కాలనీలో ఫోటో స్టూడియో పెట్టుకున్న వరహాలుకు పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, ఆదివారం ఒకటి ఉండేది. వారమంతా గుర్తింపు కార్డుల ఫోటోలు తీసి, ఆ ఒక్కరోజు మాత్రం కెమెరా మెడలో వేసుకుని కాలనీ పార్కుకు బయలుదేరేవాడు. అక్కడ చుక్కలేసిన సిమెంటు జింక, చెత్త వెయ్యడానికి నోరు తెరుచుకున్న సిమెంటు కుందేలు, చెట్టు మొద్దులా పోతపోసిన బెంచీ. పక్కనే క్లబ్బు గోడ మీద కొబ్బరిచెట్లతో సహా నీలిరంగుతో వేసిన సముద్రం. కొండ మీద సముద్రం! ఇంతకన్నా ఏం కావాలి మనిషికి?

"సుట్టూ ఇంత అడివెట్టుకుని ఆ సిమెంటు జింకేటండీ?" అని టీకొట్టు పోలయ్య ఎగతాళి చేసేవాడు.

"అడివి జింక నాకోసం ఆగదు గదా," అనేవాడు వరహాలు.

మంచివాడే గాని ఒక్క మొండిపట్టు. తన ఆదివారం ఫోటోలో నరమానవుడు కనిపించకూడదు. గూడెం నుంచి వచ్చి పార్కులో మొక్కలకు నీళ్ళు పోసే రత్న అడ్డం వస్తే, "పక్కకి జరగమ్మా" అనేవాడు. ఆమె నవ్వి జరిగేది. జరిగేలోగా ఫోటోలో పడిందా, నెగటివు మీద బ్లేడుతో గీకేసి, ప్రింటు మీద కుంచెతో గడ్డి మొలిపించేవాడు. ఆ పనితనానికి తనే మురిసిపోయేవాడు. మెచ్చుకోవడానికి ఇంకెవరున్నారు గనక?

డెబ్భై ఎనిమిదో సంవత్సరం వానల్లో రత్న మలేరియాతో పోయింది. నెల తరువాత ఆమె మొగుడు భీముడు చంటిపిల్లను చంకనేసుకుని స్టూడియోకి వచ్చాడు.

"బాబూ, మా గుంటకి ఆలమ్మ మొకం గ్యాపకముండదు. అదెప్పుడూ ఫోటో దిగనేదు. నువ్వు జింక బొమ్మ తీసినప్పుడల్లా అక్కడే ఉండీది గదా, ఏదో ఒకదాన్లో పడుంటాది. సూడు బాబూ."

వరహాలు పెట్టెలన్నీ దించాడు. తొమ్మిదేళ్ళ ఆదివారాలు. ఒక్కొక్క నెగటివూ కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు. జింక పక్కన గీకుడు, కుందేలు వెనక గీకుడు, సముద్రం ముందు గీకుడు.

"అన్నిట్లోనూ పడింది, భీముడూ. నేనే చెరిపేశాను," అన్నాడు. అబద్ధమాడటానికి నోరు రాలేదు.

భీముడు పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

"ఉండు, బొమ్మగీసి నిలబెడతాను," అంటూ వరహాలు జింక ఫోటో ముందేసుకుని కుంచె తీశాడు. గడ్డి మీద ఆనించాడు. చెయ్యి ముందుకు సాగలేదు.

"మొహం గుండ్రమా, కోలా?" అని అడిగాడు.

భీముడు తెల్లబోయాడు. "తొమ్మిదేళ్ళు సూసినావు గదా బాబూ!"

వరహాలుకు దుఃఖం ఆగలేదు. ఈ కొండల్లో తనను చూసి నవ్విన మనిషి ఆమె ఒక్కతే. ఆ మనిషి మొహం తనకు తెలియదు.