దిష్టి ముద్ద

2022 వేసవి. దుబాయ్‌లో ఇళ్లకు వెళ్లి కుక్కలకు శిక్షణ ఇచ్చే పనిలో అప్పటికే చాలా ఏళ్లుగా ఉన్నాను. ఎండకు బయట కాలు పెట్టలేని నెలలు కాబట్టి పాఠాలన్నీ హాల్లోనే, ఏసీ కింద. ఆ హాల్లో ఇంటివాళ్లు కూడా ఉంటారు. ఈ వృత్తిలో అసలు కష్టం వాళ్లతోనే.

సత్యనారాయణ గారిది అమలాపురం వైపు. గోడౌన్‌లో సూపర్‌వైజర్. ఆయన పనికి పోతే రాత్రి దాకా ఆ ఫ్లాట్‌లో భార్య మంగ గారు ఒక్కరే. ఆమెకు తోడుగా తెచ్చుకున్న బీగిల్ జాతి కుక్కపిల్ల పేరు చింటూ. ఆ జాతికి గొంతు పెద్దది, ఆకలి ఇంకా పెద్దది. ఎవరు కంచం ముందు కూర్చున్నా చింటూ మొరిగేది. పక్క ఫ్లాట్‌వాళ్లు ఫిర్యాదు చేశారు. నెలాఖరులోగా అరుపు ఆగకపోతే ఖలాస్, కుక్కను ఎవరికైనా ఇచ్చేయాల్సిందేనని బిల్డింగ్ వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. అప్పుడు నన్ను పిలిచారు.

మొదట నేర్పేవి సులువే. 'సిట్' అంటే కూర్చోగానే 'యెస్' అనాలి. చేసింది సరైనదేనని కుక్కకు అక్కడికక్కడే తెలిపే ఆ మాటను మార్కర్ అంటాం. వెంటనే ఒక ట్రీట్, అంటే వేలిగోరంత తిండి ముక్క. చింటూ దాన్ని వాసన చూసి ముఖం తిప్పుకునేది. తిండి వద్దనే బీగిల్‌ను నేనెన్నడూ చూడలేదు. జబ్బేమోనని డాక్టర్ దగ్గరికి పంపితే, దాని బరువు తగ్గించమన్నాడు.

సంగతి ఒక ఆదివారం తెలిసింది. పాఠం అయ్యాక నన్ను భోజనానికి ఉండమన్నారు. సత్యనారాయణ గారు పప్పన్నం కలిపారో లేదో, చింటూ ఎదురుగా కూర్చుని ఆయన చేతి వంక చూస్తూ మొరిగింది. ఆయన ఒక ముద్ద తీసి నేల మీద పెట్టారు. మళ్లీ మొరిగింది. మళ్లీ ముద్ద.

"సార్, గట్ల పెడితే ఎట్ల? మొరిగితే ముద్ద దొరుకుతదని మీరే నేర్పుతున్నరు."

"అది అలా నోట్లోకి చూస్తుంటే ఎలా తింటామండీ మాస్టారూ? దిష్టి తగలదా? తర్వాత కడుపునొప్పి పడేది నేను."

బతిమాలాను, వాదించాను. చింటూను గదిలో పెట్టి తలుపేయమంటే, లోపల అది ఏడుస్తుంటే బయట తినడం ఇంకా పాపమన్నారు. మంగ గారు ఆయన్ని కోప్పడుతూనే తన కంచంలోంచి ఇంకో ముద్ద పెట్టారు. తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఇదే తంతు. విసిగిపోయి, ఇక నా వల్ల కాదని చెప్పి చెప్పులు వేసుకుంటుంటే మంగ గారు గుమ్మం దాకా వచ్చారు.

"ఆయన మానరండీ. నేనూ మానలేను. మీరు కూడా వదిలేస్తే నాకు చింటూ ఉండదు."

మానరన్నది నిజం. మాన్పించాలని చూసే నేను ఓడిపోతున్నాను. తిరిగి లోపలికి వెళ్లి, టేబుల్‌కు దూరంగా ఒక చాప వేయించాను. కుక్క తన చోటుకు పోయి కదలకుండా పడుకోవడాన్ని 'ప్లేస్' అంటాం.

"ముద్ద పెట్టుండ్రి సార్, వద్దంటలేను. గని చాప మీద సప్పుడు చెయ్యకుండ ఉన్నప్పుడే పెట్టాలె. మొరిగితే లేదు."

ఆయన ఆలోచించి, తను తినకముందే పెట్టొచ్చా అని అడిగారు. దిష్టికి అదే మంచిదట. సరేనన్నాను.

మొదటి రోజులు నరకం. చింటూ గొంతు చించుకునేది. ఆయన ముద్ద పట్టుకుని, అది చేతిలో ఎండిపోయేదాకా కూర్చునేవారు. కుక్క అలసి చాప మీద కూలబడి నోరు మూసిన క్షణాన మంగ గారు 'యెస్' అంటే, ఆయన ముద్ద పెట్టేవారు. రోజురోజుకూ ఆ క్షణం త్వరగా రాసాగింది. నెలాఖరున వాచ్‌మన్ సరిగ్గా భోజనాల వేళకు వచ్చాడు. కాసేపు తలుపు బయట నిలబడి, ఏమీ వినిపించక వెళ్లిపోయాడు. చింటూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

తర్వాత సత్యనారాయణ గారు ఫోన్ చేశారు. మొరగడం మానేసి ఇప్పుడు కళ్లార్పకుండా చూస్తోందట, ఇది ఇంకా పెద్ద దిష్టి కాదా అని. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా, 'ఎవరెంత చెప్పినా మీరు మాననిది ఏమిటి?' అని ముందే అడుగుతాను. కుక్కకు నేర్పేది దాన్ని బట్టే ఉంటుంది.