చీకట్లో తెల్లబడిన చీర

ఆశ్వయుజ బహుళ దశమి: కాలువ రేవు మెట్లకు ఎదురుగా ఉన్న స్తంభానికి కెమెరా బిగించారు. ఆ రేవులో స్నానం చేసే ఆడవారిని ఒక్కరినీ అడగలేదు.

ఆశ్వయుజ బహుళ ద్వాదశి: నేను అభ్యంతరం తెలిపాను. నోటిమాటతో సరిపెట్టారు.

కార్తీక శుద్ధ తదియ: పాలకేంద్రం దగ్గర నా భార్యను నలుగురిలో పరిహసించారు.

ఈ మూడింటినీ ఏ రోజుది ఆ రోజే రాసిపెట్టుకున్నాను. రేవు పక్కనున్న పంపు మోటారును ఎవరో ఎత్తుకుపోయారని, అందుకే ఈ కాపలా అని రేవు కమిటీ చెప్పుకుంది. మోటారుకు కాపలా అయితే కెమెరా ముఖం మెట్లవైపు ఎందుకు తిరిగిందో చెప్పలేదు. కార్తీక మాసంలో ఆడవారు తెల్లవారకముందే రేవుకు వెళ్ళేది ఆ చీకటిని నమ్ముకొనే కదా అని అడిగాను. కెమెరా చూసుకునే సభ్యుడు మా వీధివాడే. నవ్వి, "రాత్రి అది గుడ్డిదేనండీ బాబాయిగారూ. దానికి లైటే లేదు కదండీ" అన్నాడు.

నిజమే, ఏ వెలుగూ కనిపించలేదు. నా అనుమానం మాత్రం పోలేదు.

తదియనాడు పాలకోసం వెళ్ళిన నా భార్యను అతడే పలకరించాడు. "అదేంటండీ పిన్నిగారూ, బాబాయిగారు గుండ్రాయిలా ఉండగా తెల్లచీర కట్టుకుని రేవుకొచ్చేరు?"

అక్కడున్నవారు నవ్వారట. ముత్తయిదువను అనవలసిన మాటేనా అది? ఆమె ఇంటికి వచ్చి బీరువా తెరిచి చూపించింది. మా ఇంట్లో తెల్లచీరే లేదు. ఆ వేకువన ఆమె కట్టినది బండారులంక నేతచీర, ముదురు మెరూన్ రంగు.

కళ్ళతో చూసినవాడు ఆ చీరను తెల్లనిది అనడు. మరి దేనితో చూశాడు?

జవాబు నా భార్యకే తట్టింది. టీవీ రిమోట్ పనిచేస్తోందో లేదో ఆమె సెల్‌ఫోన్ ముందువైపు కెమెరాలో చూసి తెలుసుకుంటుంది. మన కంటికి అందని పరారుణ కాంతి అందులో ఊదారంగు చుక్కలా మెరుస్తుంది. మునిమాపు వేళ ఇద్దరం రేవుకు వెళ్ళాం. ఆమె స్తంభానికి వీపుపెట్టి నిలబడి, తన ఫొటో తీసుకుంటున్నట్టు ఫోను పైకెత్తింది. తెర మీద ఆమె భుజం వెనుక, ఉత్తకంటికి నల్లగా ఉన్న కెమెరా చుట్టూ ఊదా చుక్కలు వలయంగా వెలుగుతున్నాయి.

చీరల అద్దకపు రంగులు చాలావరకు ఈ కాంతిని పీల్చుకోవు, తిప్పికొడతాయి. అందుకే ఎంత ముదురు చీరైనా రాత్రి బొమ్మలో తెల్లబడుతుంది. ఈ సంగతి తెలియక పరిహాసమాడిన మనిషి, తాను ఆ బొమ్మలు చూస్తున్నట్టు తన నోటితోనే ఒప్పుకున్నాడు.

కాపురానికి వచ్చిన ఏడాది నుంచి మానని కార్తీక స్నానాన్ని నా భార్య ఆ మర్నాడు మానేసింది. ఇప్పుడు స్నానాలగదిలో చెంబుతో పోసుకుంటోంది. అడిగితే, నీళ్ళు నీళ్ళే కదా అంటుంది. ఆ గొంతులో ఎన్నడూ లేని బెరుకు వినిపిస్తోంది.

కావున రేవు కమిటీ వారు ఈ క్రింది విషయాలకు జవాబియ్యవలెను. ఆ వేకువల బొమ్మలు ఎవరెవరి ఫోన్లలో ఉన్నవి? ఎవరి అనుమతితో చూచితిరి? ఎవరి ఎదుట చెరిపివేయుదురు? కెమెరా ముఖమును మోటారువైపు ఎప్పుడు త్రిప్పుదురు? సమాధానము కార్తీక పౌర్ణమికి ముందే, సభ్యులందరి సంతకములతో, లిఖితపూర్వకముగా నా భార్య పేరిట అందవలెను. నోటిమాట స్వీకరింపబడదు.