ముప్పై ఎనిమిది వరసలు

మా అక్క మొండిఘటం. నేనంటే ఒప్పుకోదు గానీ ఆఫీసువాళ్లంటే నవ్వి ఊరుకుంటుంది. ఆరోగ్య సర్వేల ఆఫీసులో ముప్పై ఏళ్లు వివరాలు ఎక్కించిన మనిషి. రిటైర్మెంట్ మూడు నెలలుందనగా, ఎవరూ ముట్టని పనొకటి నెత్తినేసుకుంది.

పదేళ్ల కిందట ఊళ్లోని పసిపిల్లలకు వినికిడి పరీక్ష చేశారు. ఇప్పుడు వాళ్లను రెండో పరీక్షకు పిలవాలి. వివరాలన్నీ ఒక పాత గణాంకాల సాఫ్ట్‌వేర్ ఫైళ్లలో ఉన్నాయి. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఏ బైటు దగ్గర ఏముందో, ఏ అంకె ఏ అక్షరమో చెప్పే కోడు పట్టికల్లో దేని ప్రకారం పేర్లు దాచారో చెప్పే కాగితం ముక్క కూడా లేదు. అక్క ఆ కాగితం రాయడానికి కూర్చుంది. మా భోజనాల బల్ల మీద కంచం పెట్టే చోటు లేకుండా చేసింది. నేను రోజూ ఒంటికాలి మీద లేచేదాన్ని, తను చెవిన వేసుకుంటేగా!

చివరికి కిటుకు దొరికింది. ఫైలు మొదట్లో పట్టిక నంబరు కోసం రెండు బైట్ల చోటుంది. పాత సాఫ్ట్‌వేర్ అది నింపేదే కాదు. కొత్తది ఆ ఖాళీ చూసి సొంత పట్టికతో చదివేసరికి పేర్లన్నీ పిచ్చిగీతలయ్యేవి. సరైన నంబరు చెప్పగానే పన్నెండు ఫైళ్లలో పదకొండు చక్కగా తెరుచుకున్నాయి.

పన్నెండోదానిలో పేర్లున్న చోట ప్రశ్నార్థకాలే ఉన్నాయి. మొదటి పరీక్షలో అనుమానం వచ్చిన ముప్పై ఎనిమిది మంది పిల్లల ఫైలు అది. అందరికన్నా ముందు పిలవాల్సింది వాళ్లనే.

ఆ సాయంత్రం అక్క చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది. "అది పాడుచేసింది నేనేనే," అంది. తొమ్మిదేళ్ల కిందట కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరిచిందట. దానికి తెలియని ప్రతి అక్షరం ప్రశ్నార్థకమైంది. తను అంకెలు సరిపోయాయా లేదా అని మాత్రమే చూసి, సేవ్ నొక్కేసింది. పాతది పోయింది. కాగితం ఫారాలను ఐదేళ్లకు చింపేయడం ఆఫీసు రూలు.

'సాంకేతిక కారణాల వల్ల పేర్లు లభ్యం కావడం లేదు' అని రాసి ముగించమన్నాడు డైరెక్టరు. రిటైరయ్యేముందు చెడ్డపేరెందుకని నేనూ అదే పాట పాడాను. అందుకు నాకిప్పటికీ సిగ్గే. అక్క మాత్రం తను రాస్తున్న ఆ కాగితాల చివరి పేజీలో ఇలా రాసింది: 'పట్టిక తెలుసుకోకుండా సేవ్ చేయకూడదు. నేను చేశాను. ముప్పై ఎనిమిది మంది పిల్లల ఆచూకీ తెలియదు.' కింద సంతకం. డైరెక్టరు ఆ కాగితాలు అలాగే తీసుకున్నాడు.

అంకెలు ఏ పట్టికలోనైనా ఒకటే కాబట్టి అవి చెక్కుచెదరలేదు. వార్డు నంబరు, ఇంటి నంబరు, పుట్టినతేదీ మిగిలాయి. వీధి పేరు లేదు. రిటైరైన మర్నాడే అక్క గొడుగు పట్టుకుని బయల్దేరింది. గొణుక్కుంటూ నేనూ వెళ్లాను. మొదటి వరసలో ఉన్నది పద్నాలుగో నంబరు ఇల్లు. ఆ వార్డులో తొమ్మిది వీధులు, ప్రతి వీధిలోనూ ఒక పద్నాలుగో నంబరు ఇల్లు. తలుపు తట్టడం, తేదీ చెప్పడం, కాదంటే పక్క వీధికి నడవడం.

ఆరో వీధిలోని పద్నాలుగో నంబరులో తేదీ కలిసింది. ఆ తల్లి ఆశ్చర్యపోయి, లోపలున్న కూతుర్ని మూడుసార్లు పిలిచింది. నాలుగోసారి తనే వెళ్లి రెక్క పట్టుకుని తీసుకొచ్చింది.

"దీనికన్నీ పరధ్యానమేనండీ. చెప్తే వినదు. బళ్లో రోజూ తిట్లే, ఇంట్లో నేనూ నాలుగు అంటిస్తుంటాను."

అక్క ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పెదాలు కనబడేలా, నెమ్మదిగా, "తప్పు నీది కాదమ్మా, నాది," అంది.

ఒక్కొక్కరు దొరికినప్పుడల్లా అక్క ఆఫీసుకు ఫోన్ చేసి చివరి పేజీలో ఆ ముప్పై ఎనిమిదిని ఒక్కొక్కటే తగ్గించి దిద్దిస్తుంది. నిన్నటికి అక్కడ పదిహేడు అని ఉంది.