చివరి దుకాణానికి మొదటి బండి

మా గోదాము బండ్ల మేస్త్రి పోయాడని పన్నెండు రోజుల కిందట తెలిసింది. చెప్పినవాడు ఆఫీసు జవాను. "మేస్త్రి జరమొచ్చి పోయిండు సాబ్" అని, ఆ వెంటనే చేతిలో ఉన్న ఫైలు ఎక్కడ పెట్టాలని అడిగాడు. ఆయన గురించి రాసే అర్హత నాకు లేదు. అయినా రాస్తున్నాను. ఇప్పుడు ఆయన్ను పొగుడుతున్న నోళ్ళను చూస్తే ఒళ్ళు కంపరమెత్తుతోంది.

యుద్ధం రోజుల్లో, రేషన్ పెట్టినప్పుడు, ఉప్పుగూడలో రైలు పట్టాల పక్కన ధాన్యం గోదాము ఉండేది. నేను అందులో మున్షీని. రాతకోతలన్నీ నావే. అక్కడి నుంచి పట్నం దక్షిణపు బస్తీల్లోని తొమ్మిది దుకాణాలకు ఎడ్లబండ్ల మీద జొన్నలు పంపేవాళ్ళం. దుకాణాలకు నంబర్లు వేసింది నేనే. గోదాముకు దగ్గరిది ఒకటి, అన్నిటికన్నా దూరాన బార్కస్‌లో ఉన్నది తొమ్మిది. బండ్లు ఆ వరుసలోనే ఆగుతూ పోవాలని మా పైఅధికారి హుకుం. కాగితం మీద ఎంతో ముచ్చటగా ఉండేది.

ఒక వానాకాలం తనిఖీకని బార్కస్ పోయాను. వరుసలో నిలబడ్డ ఒక ముసలమ్మ నా ముందుకొచ్చి కొంగు విప్పింది. బూజు పట్టి ముద్దలు కట్టిన జొన్నలు, మట్టి, గోనె పీచు, ఎలుక పెంటికలు. ఎనిమిది చోట్ల మంచి బస్తాలన్నీ దింపుకున్నాక, చిరిగినవీ తడిసినవీ ఇక్కడికి చేరుతున్నాయన్నమాట.

"మున్షీ సాబ్, ఏరితె పిడికెడు ఎల్లలేదు. మీ ఇంట్ల గిదే వండుతరా?" అంది.

ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. నంబర్లు వేసిన చేత్తో ఆ పూట అన్నం తినలేకపోయాను. మర్నాడు మామూలుగానే తిన్నాను.

మేస్త్రికి చెప్పాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, చాంద్రాయణగుట్ట మీదుగా బార్కస్ దాకా నడిచి వచ్చాడు. ఏ కొత్త దారికైనా అంతే. "ముందు కాళ్ళు పోవాలె సాబ్, తర్వాత చక్రాలు" అనేవాడు. చదువు లేదు. మర్నాడు పొద్దున గోదాము నేల మీద బొగ్గుతో గల్లీలు గీసి, దుకాణాల చోట చింతగింజలు పెట్టి, బండ్లవాళ్ళందరినీ చుట్టూ కూర్చోబెట్టాడు. మొదటి బండి, పొడి బస్తాలతో, ఎక్కడా ఆగకుండా తొమ్మిదో దుకాణానికి. దగ్గరివాటికి ఆ తర్వాత. ఒక బండి మాత్రం రోజూ ఖాళీగా నిలబడి ఉండాలి.

"ఖాళీగా ఎందుకు మేస్త్రీ?" అన్నాను.

"ఇరుసు మనకు చెప్పి ఇరుగుతదా?" అన్నాడు. "దగ్గరోనికి ఆలస్యమైతె కోపమొస్తది, గంతే. దూరపోనికి ఆలస్యమైతె పొయ్యి అంటుకోదు."

రెండు నెలలు బార్కస్‌కు తినదగిన జొన్నలు చేరాయి. ఈలోపు ఒకటో నంబరు దుకాణందారుకు మంచి బస్తాలు ఏరుకునే వీలు పోయింది. అతను మా అధికారికి దగ్గరివాడు. అధికారి నన్ను పిలిచి రిపోర్టు రాయమన్నాడు. మేస్త్రి హుకుం ధిక్కరించాడు, సర్కారీ బండిని ఖాళీగా నిలబెట్టాడు, అని. "ఇందులో అబద్ధమేమైనా ఉందా?" అని కూడా అడిగాడు. ఒక్క ముక్కా అబద్ధం కాదు. కుదురైన దస్తూరీతో రాసిచ్చాను. ఆ దస్తూరీ అంటే నాకు ఇప్పటికీ రోత.

మేస్త్రిని తీసేశారు. పోతూ పోతూ, "బార్కస్ బండి మీద టార్పాలిన్ కప్పుడు మర్వకుండ్రి" అన్నాడు. మర్నాటి నుంచి బండ్లు పాత వరుసలోనే కదిలాయి. ఆ తర్వాత బజార్లో ఎదురైనప్పుడల్లా ఒక్కటే అడిగేవాడు: "తొమ్మిదో దుకాణానికి మంచిగ పోతున్నయా సాబ్?" పోతున్నాయనేవాణ్ణి. రిపోర్టు ఎవరు రాశారో ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు.

మొన్న పదకొండో రోజు భోజనాలకు పోయాను. వాకిట్లో పంక్తి మొదట్లోనే మా అధికారి కూర్చున్నాడు. "దిమాగున్న మనిషి. నేనే పైకి తెచ్చిన" అని పక్కవాళ్ళకు చెబుతున్నాడు. లేచి ఆ మాట అబద్ధమని చెప్పానా? లేదు. మేస్త్రి భార్య కంట పడకూడదని ఎడ్ల కొట్టం పక్కన, పంక్తి చిట్టచివర కూర్చున్నాను.

ఆమె అన్నం గంప పట్టుకుని వచ్చి, అధికారిని దాటి నడిచింది. అల్లుడు కంగారుగా, "అత్తమ్మా, ఇక్కడికెల్లి మొదలుపెట్టున్రి" అన్నాడు.

"మా ఇంట్ల ఆ కొసకెల్లే, బిడ్డా. ఆయన గట్లనే పెట్టిచ్చెటోడు" అంది.

నేరుగా నా దగ్గరికొచ్చి వంగింది. పొగలు కక్కే మొదటి అన్నం నా విస్తట్లో పడింది.

"తిను అయ్యా. మస్తు దూరం కూసున్నవ్" అంది.

ముద్ద కలిపాను. తలెత్తితే, ఆ కొసన మా అధికారి ఖాళీ విస్తరి గాలికి లేచిపోకుండా వేలితో అదిమి పట్టుకుని, గంప వైపే చూస్తూ ఉన్నాడు.