ఐదు నుంచి ఆరు వరకు సన్నాయి

ఒక సోమవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా పై వాటాలో సన్నాయి ఆగిపోయింది. రాగం మధ్యలో ఆగింది.

ఉక్కునగరంలో మాది ఆరు కుటుంబాలుండే క్వార్టర్ల బ్లాకు. మా అమ్మాయి ప్లాంటులో పనిచేస్తుంది, నేను ఆమె దగ్గర ఉంటాను. ఇక్కడ పగలు అందరికీ పగలు కాదు. రాత్రి షిఫ్టు చేసొచ్చినవాళ్ళు కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పడుకుంటారు. కుక్కర్ విజిల్ వేయబోతుంటేనే మేము స్టవ్ తగ్గించేస్తాం.

మెట్ల మీద మాటలు వినిపించాయి.

"బావా, నైట్ డ్యూటీ సేసొచ్చి ఇప్పుడే కన్ను మూసినాను. నా బుర్రలో వాయిత్తన్నావేటి?" అంటున్నాడు మా ఎదురింటి క్రేన్ ఆపరేటరు.

"తప్పయిపోనాది బావా, ఆపేసినాను," అన్నాడు సన్నాయి అతను.

అతను పైన తమ్ముడి ఇంట్లో ఉంటున్నాడు. పెళ్ళిళ్ళలో డీజేలు వచ్చాక సన్నాయి పక్కన పెట్టి, నాలుగేళ్ళు ఆటోనగర్‌లో వెల్డింగ్ చేశాడు. ఈమధ్యే మళ్ళీ సన్నాయి పట్టాడు. మధ్యాహ్నం కాస్త పచ్చడి పట్టుకుని పైకి వెళ్ళాను. నోట్లో పెట్టుకునే పీక తీసేసి, ఉత్త గొట్టం మీద వేళ్ళు ఆడిస్తున్నాడు. చప్పుడు లేదు. గుమ్మంలోనే నిలబడి ఆ వేళ్ళను చూస్తుంటే ఎక్కడో నీళ్ళ అడుగున వాయిస్తున్నట్టు అనిపించింది.

"నెలాఖరుకి మేళం పెద్ద నా సన్నాయి ఇంటాడమ్మా. ఊపిరి నిలబడితే నన్ను తీసుకుంతాడు. నేకపోతే మళ్ళీ వెల్డింగే," అన్నాడు.

నాకు సంగీతం రాదు, లెక్క వచ్చు. ఆరిళ్ళకూ వెళ్ళి ఎవరు ఏ షిఫ్టులో ఎప్పుడు పడుకుంటారో, ఎప్పుడు లేస్తారో అడిగాను. షిఫ్టులు ఎలా మారినా ఎవరూ నిద్రపోని గంట ఒక్కటే తేలింది. సాయంత్రం ఐదు నుంచి ఆరు.

మర్నాటి నుంచి ఐదింటికి సన్నాయి మొదలయ్యేది. నేను కింద వంటింట్లో గడియారం చూస్తూ ఒక్కో స్వరం ఎంతసేపు నిలిచిందో లెక్కపెట్టేదాన్ని. మొదట్లో పదకొండు సెకన్లకే తెగిపోయేది. మూడో వారానికి ఇరవై దాటింది. అప్పుడు లెక్క తప్పడం మొదలైంది. ఆ స్వరం వెంట పోతూ పోతూ నేను ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని. కిటికీ బయట ఆరేసిన యూనిఫారాలు గాలికి మెల్లగా ఊగుతుండేవి. మెట్ల మీద ఒక్కొక్కరే వచ్చి కూర్చునేవారు. చప్పట్లు కొట్టేవారు కాదు, టీ గ్లాసు పైకి పంపేవారు.

మేళం పెద్ద వినడానికి ముందురోజు క్రేన్ ఆపరేటరు డబుల్ డ్యూటీ చేసి మూడింటికి వచ్చి పడుకున్నాడు. నా లెక్కలో డబుల్ డ్యూటీ లేదు. ఈ ఒక్క పూటకీ ఆపమని అతని భార్య బతిమాలింది. పైకి వెళ్ళి చెప్పాను. సన్నాయి అతను పీక తీసి గుడ్డలో చుట్టాడు. ఆ రాత్రంతా అతని వేళ్ళు ఉత్త గొట్టం మీదే ఆడతాయని నాకు దిగులేసింది.

ఐదుంపావుకి ఎదురింటి తలుపు తెరుచుకుంది. లుంగీ, చెదిరిన జుట్టు, ఎర్రటి కళ్ళు.

"ఏటమ్మా, ఈయాల నేదేటి?"

"నువ్వు పడుకున్నావని ఆపించాను బాబూ."

"ఆపేత్తే నిద్దరెలా పడతాది? ఐదయ్యీసరికి మెలకువొచ్చేసినాది. బావా, వాయించు."

పైన సన్నాయి ఎత్తుకుంది. క్రేన్ ఆపరేటరు కుర్చీ తెచ్చి మెట్ల దగ్గర వేసుకుని, గోడకు తల ఆనించి, ఆ రాగం కిందే గుర్రుపెట్టాడు. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు ఆరింటికి ఆపమని కూడా ఎవరూ అనలేదు.

మర్నాడు మేళం పెద్ద విని, అక్కడికక్కడే తీసుకున్నాడు. గురువారం ఉదయం ఏడింటికి సన్నాయి అతను మేళంతో విజయనగరం వైపు వెళ్ళిపోయాడు. ఉండడం కూడా అక్కడే.

మా బ్లాకులో ఆ నెలలో పోయినవి: మూడుసార్లు పొంగిపోయిన పాలు, మాడిన పప్పు గిన్నె ఒకటి, క్రేన్ ఆపరేటరుకి రెండు గంటల నిద్ర. అతను వెళ్ళాక పోయింది, రోజుకొక గంట: ఐదు నుంచి ఆరు.